‘ట్రస్ట్’ అంటే నమ్మకం అని చెప్పి ఊరుకుంటే సరిపోతుందా?

అమీర్‌పేట_టీచర్

అందరికీ నమస్కారం. అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లే ఎక్కువ. చాలామంది తెలుగు మీడియం.

ఈ వారం క్లాసులో ‘ట్రస్ట్’ అనే మాట వచ్చింది. నమ్మకం అని చెప్పాను. ఒకమ్మాయి వెంటనే, "మరి చారిటబుల్ ట్రస్ట్ అని బోర్డులు ఉంటాయి కదా మేడమ్, అది నమ్మకం ఎలా అవుతుంది?" అని అడిగింది. ఇంకో అబ్బాయి, "అమెరికాలో గూగుల్ మీద యాంటీట్రస్ట్ కేసు అంటున్నారు, అంటే నమ్మకానికి వ్యతిరేకమా?" అన్నాడు. రెండూ చాలా మంచి ప్రశ్నలు. డిక్షనరీలో ఉన్న అర్థాలు వరసగా చదివేయొచ్చు, కానీ అవి పిల్లల మనసులో నిలవవు. ఒకే మాటలోంచి ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయో మనవాళ్లకు పట్టుబడేలా చెప్పాలని ఉంది. తెలిసినవాళ్లు రాయండి. వాడేటప్పుడు మనవాళ్లు ఎక్కడ తడబడతారో కూడా చెప్పండి.

తార్నాక_పాఠకుడు

మేడమ్, ముందు వాడుక సంగతి రాస్తాను. బోర్డుల సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు.

మనవాళ్లు మొదట తడబడేది విభక్తి దగ్గర. "నీ మీద నాకు నమ్మకం ఉంది" అంటాం కదా, ఆ ‘మీద’ను పట్టుకెళ్లి "ఐ హావ్ ట్రస్ట్ ఆన్ యూ" అనేస్తారు. అక్కడ ‘ఆన్’ రాదు, ‘ఇన్’ వస్తుంది. మామూలు మాటల్లో అయితే క్రియగానే వాడి "ఐ ట్రస్ట్ యూ" అంటే చాలు, ఏ విభక్తీ అక్కర్లేదు. డాలర్ నోటు మీద ఉండే "ఇన్ గాడ్ వి ట్రస్ట్" అనే వాక్యం పిల్లలకు చూపించండి. దాన్ని మొదట 1864లో రెండు సెంట్ల నాణెం మీద వేశారు, 1956లో అమెరికా అధికారిక నినాదమైంది. ఆ ‘ఇన్’ కంట్లో పడితే గుర్తుండిపోతుంది.

ఇక ‘బిలీవ్’కీ ‘ట్రస్ట్’కీ తేడా. మనం రెండు చోట్లా ‘నమ్ముతున్నాను’ అనే అంటాం, అందుకే ఇది కష్టం. "ఐ బిలీవ్ యూ" అంటే నువ్వు ఇప్పుడు చెప్పిన ఈ మాట నిజమేనని ఒప్పుకుంటున్నాను అని. "ఐ ట్రస్ట్ యూ" అంటే నువ్వేమీ చెప్పకపోయినా, నేను దగ్గర లేకపోయినా నువ్వు సరిగ్గానే నడుచుకుంటావని. మొదటిది మాట గురించి, రెండోది మనిషి గురించి. ఎప్పుడూ అబద్ధాలాడే మనిషి ఒకరోజు నిజం చెబితే "ఐ బిలీవ్ యూ" అనొచ్చు. "ఐ ట్రస్ట్ యూ" అనలేం.

అన్నిటికంటే ముఖ్యమైనది ‘విత్’. "ఐ ట్రస్ట్ హర్ విత్ ద కీస్" అంటే తాళాలు ఆమె చేతికిచ్చి నిశ్చింతగా వెళ్లొచ్చు అని. ఇక్కడ ముగ్గురున్నారు చూడండి: నమ్మేవాడు, ఎవరిని నమ్మాడో ఆ మనిషి, అప్పగించిన వస్తువు. ఉత్త ‘నమ్మకం’ అనే మాటలో ఆ మూడోది కనిపించదు. ‘ఎంట్రస్ట్’ అనే మాట కూడా దీన్నుంచే వచ్చింది.

హనుమకొండ_టు_ఉప్పల్

"ఐ యామ్ ట్రస్టింగ్ యూ" తప్పేనా అన్నా? మా ఆఫీసులో అందరూ అలాగే అంటారు.

తార్నాక_పాఠకుడు

మామూలుగా అయితే తప్పే. నో (తెలుసు), లవ్, బిలీవ్ లాంటి క్రియల్లాగే ఇదీ మనసులో ఉండే స్థితిని చెబుతుంది, అందుకే "ఐ ట్రస్ట్ యూ" అనాలి. తెలుగులో "నమ్ముతున్నాను" అంటాం కాబట్టి ఆ ‘తున్నాను’ ఇంగ్లీషులోకి ‘ఇంగ్’ అయి వచ్చేస్తుంది. కాకపోతే ఒక పని చేతికిస్తూ, ఈసారికి నిన్ను నమ్మి ఇస్తున్నాను సుమా అని నొక్కి చెప్పాల్సినప్పుడు "ఐ యామ్ ట్రస్టింగ్ యూ విత్ దిస్" అని ఇంగ్లీషు వాళ్లూ అంటారు. ఆ సందర్భానికి మాత్రం అది సరైనదే.

గచ్చిబౌలి_టెస్టింగ్

నాకు టెన్షన్ పెట్టేది ఈమెయిళ్లలో వచ్చే ట్రస్ట్. "ఐ ట్రస్ట్ దిస్ విల్ బి కంప్లీటెడ్ బై ఫ్రైడే" అని విదేశీ క్లయింట్ రాస్తారు. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు అది చదివి, మనమీద నమ్మకం ఉందని రాశారని సంతోషపడతారు. నిజానికి అది మర్యాదగా వేసిన గడువు. శుక్రవారానికి అయిపోవాల్సిందే, అవుతుందనే అనుకుంటున్నాను అని దాని భావం. "ఐ ట్రస్ట్ యూ ఆర్ వెల్" అని మొదలుపెడితే మాత్రం కులాసాగా ఉన్నారని తలుస్తాను అని, అందులో ఒత్తిడేమీ లేదు. టీచర్ గారూ, ఉద్యోగాలకు వెళ్లబోయే పిల్లలకు ఈ తేడా తప్పకుండా చెప్పండి. వాళ్లు క్లయింట్‌కు ఎదురు అలా రాస్తే ఆజ్ఞాపించినట్టు ఉంటుంది.

మా రంగంలో ఈ మాట ఇంకో దారి పట్టింది. ఐఫోన్‌ను కొత్త కంప్యూటర్‌కు తగిలిస్తే "ట్రస్ట్ దిస్ కంప్యూటర్?" అని అడుగుతుంది. చాలామంది చదవకుండానే నొక్కేస్తారు. నొక్కితే ఫోన్లోని ఫొటోలు, ఇతర వివరాలు ఆ కంప్యూటర్ తీసుకోవడానికి దారి ఇచ్చినట్టే. ‘జీరో ట్రస్ట్’ అని భద్రతా పద్ధతి కూడా ఉంది. ఆఫీసు నెట్‌వర్క్ లోపల ఉన్నంత మాత్రాన ఎవరినీ లోపలి మనిషి అనుకోకుండా, ప్రతిసారీ ఎవరో ఏమిటో సరిచూసుకుని, అవసరమైనంత వరకే అనుమతి ఇవ్వడం. కంప్యూటర్లకు మనసు లేదు కాబట్టి అక్కడ ట్రస్ట్ అంటే అనుమతే.

నాంపల్లి_వకీలు

ఆ అమ్మాయి వేసిన ప్రశ్న న్యాయశాస్త్రం చదివేవాళ్లు కూడా వేసుకోవాల్సింది. ముందు ఆమెను అభినందించానని చెప్పండి.

మన దేశంలో ప్రైవేటు ట్రస్టులకు 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ ఉంది. దాని 3వ సెక్షన్‌లో ట్రస్ట్ అంటే ఏమిటో నిర్వచనం ఉంది. నా మాటల్లో చెబుతాను. ఒకాయన తన ఆస్తిని మరొకరి మీద నమ్మకంతో, ఫలానావాళ్ల మేలు కోసం అని చెప్పి అప్పగిస్తాడు. ఆ రెండో మనిషి సరేనని ఒప్పుకుంటాడు. ఒప్పుకున్న క్షణం నుంచి ఆ ఆస్తి యాజమాన్యానికి ఒక బాధ్యత అతుక్కుని ఉంటుంది. ఆ బాధ్యత పేరే ట్రస్ట్. చట్టం ఆ నిర్వచనంలోనే ‘కాన్ఫిడెన్స్’ అనే మాట వాడింది. అంటే నమ్మకం నుంచి పుట్టిన బాధ్యత అని చట్టమే చెబుతోంది.

కాగితాల మీద ఆస్తి ట్రస్టీ పేరున ఉంటుంది. కానీ అనుభవించే హక్కు ఆయనది కాదు. 51వ సెక్షన్ ప్రకారం ఆ ఆస్తిని సొంత లాభానికి వాడుకోకూడదు. 15వ సెక్షన్ ప్రకారం మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత ఆస్తిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగానూ చూసుకోవాలి. సొంతదానిలా కాపాడాలి, సొంతదానిలా తినకూడదు. ఈ రెండూ కలిపి చదివితే ఆ మాట బరువు తెలుస్తుంది. ఒకసారి ఒప్పుకున్నాక ఇష్టమొచ్చినప్పుడు తప్పుకోవడానికీ లేదు.

తార్నాక గారు చెప్పిన ఆ ముగ్గురు ఇక్కడా ఉన్నారు. ఇచ్చినవారు, పుచ్చుకుని చూసుకునేవారు, ఇచ్చిన ఆస్తి. దానికి తోడు ఎవరి కోసమో ఆ లబ్ధిదారు.

క్రిమినల్ చట్టంలోనూ ఈ మాట ఉంది. ‘క్రిమినల్ బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్’ అని పాత ఐపీసీలో 405, 406 సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్. జనం దీన్నీ చీటింగ్‌నూ ఒకటే అనుకుంటారు. గాజులు చేయమని బంగారం ఇస్తే కంసాలి ఆ బంగారాన్ని సొంతానికి వాడేసుకున్నాడనుకోండి, అది నమ్మకద్రోహం. ఎందుకంటే మీరు ఇష్టపడే ఇచ్చారు, అతను న్యాయంగానే పుచ్చుకున్నాడు, తర్వాత దారి తప్పాడు. గిల్టు నగను బంగారమని చెప్పి అమ్మితే అది చీటింగ్, మోసం అక్కడ మొదటి మాటతోనే మొదలైంది.

శాలిబండ_పాతబస్తీ

వకీల్ సాబ్ చెప్పినదానికి మా పాతబస్తీలో ఒకే మాట ఉంది: అమానత్. ఒకరి వస్తువు నమ్మకం మీద మన దగ్గర ఉంటే అది అమానత్. దాన్ని వాడుకుంటే ఖయానత్. ‘అమానతు’ అని తెలుగు పాత దస్తావేజుల్లోనూ ఉండేది. నా దృష్టిలో ట్రస్ట్‌కు భరోసా, నమ్మకం కంటే అమానత్ దగ్గర. ఎందుకంటే అందులో వస్తువూ ఉంది, మాటా ఉంది, తిరిగి ఇవ్వాల్సిన బాధ్యతా ఉంది.

మన హైదరాబాద్ చరిత్రలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది, పిల్లలకు తప్పకుండా చెప్పండి. 1948 సెప్టెంబరులో, పోలీసు చర్య జరిగిన రోజుల్లో, నిజాం ప్రభుత్వ ఆర్థిక మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులను బ్రిటన్‌లోని పాకిస్థాన్ హైకమిషనర్ రహింతూలా పేరున ఉన్న ఖాతాకు మార్పించాడు. కొద్ది రోజులకే నిజాం ఆ సొమ్ము వెనక్కి కావాలన్నాడు. ఖాతా ఎవరి పేరున ఉందో వారు ఒప్పుకోనిదే ఇవ్వలేమంది బ్యాంకు. కేసు వేస్తే, పాకిస్థాన్‌కు సార్వభౌమ దేశంగా ఉన్న రక్షణ వల్ల 1957లో, అప్పట్లో బ్రిటన్‌కు అత్యున్నత కోర్టుగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ దగ్గర ఆగిపోయింది. అప్పటి నుంచీ సొమ్ము బ్యాంకులోనే ఉండిపోయింది. 2013లో పాకిస్థానే కోర్టుకు వెళ్లడంతో మళ్లీ కదిలింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది: రహింతూలా ఆ డబ్బును సొంతదారుగా కాదు, ట్రస్టీగా పట్టుకుని ఉన్నాడు, అసలు హక్కు ఏడో నిజాందే అని. అప్పటికి అది సుమారు 3.5 కోట్ల పౌండ్లు అయింది. నిజాం వారసులకూ భారతదేశానికీ అనుకూలంగా వచ్చింది.

ఆ డెబ్బై ఏళ్ల వ్యవహారం మొత్తం ట్రస్ట్ అనే ఒక్క మాట మీద తేలింది. పేరు ఒకరిది, సొమ్ము ఇంకొకరిది.

చిక్కడపల్లి_పెద్దాయన

శాలిబండ వారు నిజాం మాట ఎత్తారు కాబట్టి నగల సంగతి కూడా చెప్పాలి. ఆస్తి చెదిరిపోకుండా ఏడో నిజాం నగలను ట్రస్టుల కింద పెట్టారు. తర్వాత చాలా కాలం వివాదాలు నడిచి, 1995లో భారత ప్రభుత్వం ఆ నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నది. జాకబ్ వజ్రం వాటిలోదే. 2001లోనూ 2006లోనూ మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శించారు. నగలు ట్రస్టువి కాబట్టే ఆ అమ్మకం ట్రస్టీలతో జరిగింది.

నేను బ్యాంకులో పనిచేసి రిటైర్ అయ్యాను. మా తరం వాళ్లకు ట్రస్ట్ అనగానే యూనిట్ ట్రస్ట్ గుర్తొస్తుంది, 1963 చట్టంతో వచ్చింది. ఇప్పటి పిల్లలు మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా సిప్ (నెలకింతని పెట్టే మదుపు) కడుతున్నారు కదా. షేర్ మార్కెట్లను అదుపు చేసే సెబీ నిబంధనల ప్రకారం మ్యూచువల్ ఫండ్ అనేది చట్టరీత్యా ఒక ట్రస్టే. కంపెనీ డబ్బు నడిపిస్తుంది, కానీ సొమ్ము మదుపుదారుల కోసం ట్రస్టీల అధీనంలో ఉంటుంది. తమ ఫోన్లో సిప్ ఉన్న పిల్లవాడికి ఈ ఒక్కటి చెబితే ఆ అర్థం వెంటనే పట్టుబడుతుంది.

ఇక తెలుగు సంగతి. ట్రస్టీకి మనకు ‘ధర్మకర్త’ అనే చక్కటి మాట ఎప్పటి నుంచో ఉంది. గుడికి ధర్మకర్తల మండలి అంటాం. గాంధీగారు ‘ట్రస్టీషిప్’ అన్నదాన్ని కూడా మనవాళ్లు ధర్మకర్తృత్వం అనే అనువదించారు. గాంధీగారికి ఆ ఆలోచన ఎక్కడ స్థిరపడిందో చూడండి. ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు, గీతలోని అపరిగ్రహం అంటే ఏమిటో తనకు ట్రస్టీ అనే ఇంగ్లీషు న్యాయశాస్త్రపు మాట ద్వారా బాగా అర్థమైందని. ఎంత ఆస్తి చేతిలో ఉన్నా అందులో రవ్వంత కూడా తనది కాదనుకునేవాడు ట్రస్టీ అని. బారిస్టరు చదువు ఆయనకు గీతను విప్పి చెప్పింది. నాకు ఈ విషయం ఎప్పుడు తలుచుకున్నా ఎంతో బాగుంటుంది.

హనుమకొండ_టు_ఉప్పల్

పెద్దాయన గారికి దండం. కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. ‘నమ్మకం’లో ఆ మూడోది కనిపించదని, మనకు సరైన మాట లేదని ఎందుకు అనుకోవాలి? "నమ్మి అప్పజెప్పాను" అంటాం, అందులో మూడూ వచ్చేశాయి. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు" అని సామెత కూడా ఉంది. క్లాసులో ఇలాంటివి చెబితే ఇంగ్లీషు మాట తనంతట తానే లోపలికి వెళ్తుంది. ‘విశ్వాసం’ మాత్రం జాగ్రత్తగా వాడాలి. కుక్కకు విశ్వాసం ఉందంటే అన్నం పెట్టినవాణ్ణి మరచిపోదని. అది ట్రస్ట్ కాదు, లాయల్టీ. శాసనసభలో విశ్వాస పరీక్ష అంటే మళ్లీ వేరు, దాన్ని మన పేపర్లు ‘ట్రస్ట్ వోట్’ అంటాయి.

తార్నాక_పాఠకుడు

ఒప్పుకుంటున్నాను, ‘నమ్మి అప్పజెప్పడం’ చాలా బాగుంది. ‘ట్రస్ట్ వోట్’ మాత్రం మన దేశపు ఇంగ్లీషు. బ్రిటన్‌లో ‘వోట్ ఆఫ్ కాన్ఫిడెన్స్’ అంటారు. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది ఆ తీర్మానం మీదే.

యాంటీట్రస్ట్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే రాస్తాను. 1882లో అమెరికాలో రాక్‌ఫెల్లర్ చమురు కంపెనీల వాటాదారులు తమ వాటాలన్నిటినీ తొమ్మిది మంది ట్రస్టీల చేతికి ఇచ్చారు. వాటాదారులకు సర్టిఫికెట్లు దక్కాయి, కంపెనీలన్నిటి మీదా పెత్తనం ఆ తొమ్మిది మందికి దక్కింది. అదే స్టాండర్డ్ ఆయిల్ ట్రస్ట్. మిగతా వ్యాపారాల వాళ్లూ అదే దారి పట్టారు. దాంతో జనం నోట్లో ట్రస్ట్ అంటే పోటీ లేకుండా బజారంతా మింగేసే గుత్త సంస్థ అయింది. అలాంటి ట్రస్టులను అదుపు చేయడానికి 1890లో షెర్మన్ చట్టం వచ్చింది. 1911లో అమెరికా సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ను 34 కంపెనీలుగా విడగొట్టించింది. ఆ పాత ట్రస్టులు ఎప్పుడో పోయాయి, పేరు మాత్రం చట్టానికి మిగిలిపోయింది. మన దగ్గర ఆ పని 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టం చేసేది, ఇప్పుడు 2002 నాటి కాంపిటీషన్ చట్టం చేస్తోంది. కాబట్టి ఆ అబ్బాయికి చెప్పండి, యాంటీట్రస్ట్ అంటే గుత్తాధిపత్యానికి వ్యతిరేకం.

మన ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ కూడా 1882లోనే వచ్చింది. ఒకే ఏడాది ఒక దేశంలో ఆ మాట ధర్మకర్త బాధ్యతల పట్టికగా చట్టానికెక్కింది, ఇంకో దేశంలో బజారును గుప్పిట్లో పెట్టుకునే పనిముట్టయింది.

మల్కాజిగిరి_వాసి

మా వైపు చెరువుల గురించి జరిగిన ఒక మీటింగులో ‘పబ్లిక్ ట్రస్ట్’ అన్నారు. చెరువుకూ ట్రస్ట్‌కూ ఏం సంబంధం సార్? చెరువుకు బోర్డు లేదు, ట్రస్టీ లేడు కదా.

నాంపల్లి_వకీలు

ఉన్నాడండీ, ప్రభుత్వమే ట్రస్టీ. ‘పబ్లిక్ ట్రస్ట్’ సిద్ధాంతం అంటారు. నదులు, చెరువులు, సముద్రతీరం లాంటివి ప్రభుత్వం సొంత ఆస్తి కాదు. జనం కోసం, పుట్టబోయే పిల్లల కోసం కూడా దాని దగ్గర అప్పగించి ఉన్నాయి. కాబట్టి ఇష్టమొచ్చినట్టు ఇంకొకరికి ధారాదత్తం చేయడానికి వీల్లేదు. మన సుప్రీంకోర్టు దీన్ని 1996లో బియాస్ నది కేసులో స్పష్టంగా చెప్పింది. 2006లో తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువుల కేసులో మళ్లీ చెప్పింది. అది మన తెలుగు నేల కేసు, అందుకని నేను ఎక్కడ మాట్లాడినా దాన్ని ప్రస్తావిస్తాను. చెరువు కింద ఇళ్లు కట్టే వ్యవహారం వచ్చినప్పుడు "గవర్నమెంటు భూమి, గవర్నమెంటు ఇష్టం" అని చాలామంది సర్దుకుపోతారు. గవర్నమెంటు ఇష్టం కాదు. ట్రస్టీకి ఇష్టాలుండవు, బాధ్యతలుంటాయి. హైదరాబాద్ లాంటి చెరువుల ఊళ్లో ఈ మాట ప్రతి బడి పిల్లకూ తెలియాలి.

గచ్చిబౌలి_టెస్టింగ్

వకీల్ గారూ, నాదీ ఒక ప్రశ్న. మా నాన్నగారి పేరు మీద ఊళ్లో పిల్లల చదువుకు ఒక ట్రస్ట్ పెట్టాలని మేం అన్నదమ్ములం అనుకుంటున్నాం. ఊళ్లో ఉన్న స్థలం అందులో పెడితే తర్వాత మాకు అవసరం వచ్చినప్పుడు తీసుకోవచ్చా?

నాంపల్లి_వకీలు

తీసుకోలేరు. అందుకే ముందే బాగా ఆలోచించుకోండి. ఊళ్లో పిల్లలందరి కోసం పెట్టేది పబ్లిక్ చారిటబుల్ ట్రస్ట్ అవుతుంది. 1882 చట్టం నేరుగా దానికి వర్తించదు గానీ, ట్రస్టీ ఎలా నడుచుకోవాలనే సూత్రాలు అవే. ట్రస్ట్ డీడ్ రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయపు పన్ను శాఖలో విడిగా నమోదు చేసుకోవాలి. డీడ్‌లో ఉద్దేశం స్పష్టంగా రాయండి, మీ తర్వాత ట్రస్టీలు ఎవరు ఎలా వస్తారో కూడా రాయండి. ఎక్కువ గొడవలు వచ్చేది అక్కడే. స్థలం మీద మనసు ఊగుతుంటే దాన్ని అలాగే ఉంచుకుని, కొంత డబ్బుతో మొదలుపెట్టండి.

అమీర్‌పేట_టీచర్

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నేను అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చారు. ‘విత్’తో మొదలుపెట్టి, అమానత్ చెప్పి, లండన్ బ్యాంకు కథ చెబుదామనుకుంటున్నాను. ఇంకో రెండు సందేహాలున్నాయి. ‘డిస్‌ట్రస్ట్’కీ ‘మిస్‌ట్రస్ట్’కీ తేడా ఉందా? "ట్రస్ట్ హిమ్ టు బి లేట్" అంటే ఏమని చెప్పాలి?

తార్నాక_పాఠకుడు

మొదటిదానికి: వాడుకలో రెండూ కలిసిపోతాయి మేడమ్. అయినా జాగ్రత్తగా రాసేవాళ్లు, ఒకసారి దెబ్బతిని, కారణం తెలిసి నమ్మకపోవడాన్ని ‘డిస్‌ట్రస్ట్’ అంటారు. ఏ కారణమూ చూపలేకపోయినా ఎందుకో మనసొప్పక అనుమానంగా ఉండటాన్ని ‘మిస్‌ట్రస్ట్’ అంటారు. పరీక్షల్లో ఏది రాసినా మార్కులు పోవు.

రెండోది ఎత్తిపొడుపు. "వాడి సంగతి తెలిసిందేగా, ఆలస్యంగానే వస్తాడు" అని. ఇక్కడ నమ్మకం ఉన్నది వాడి బద్ధకం మీద. మాట విడిగా చదివితే మెచ్చుకున్నట్టు కనిపిస్తుంది కాబట్టి గొంతు ఎలా పలుకుతుందో వినిపించి చెప్పండి. అలాగే ‘ట్రస్టీ’, ‘ట్రస్టి’ రెండూ బోర్డు మీద పక్కపక్కన రాయండి. మొదటిదానికి పలికేటప్పుడు ఒత్తిడి (స్ట్రెస్) చివర పడుతుంది, అది ధర్మకర్త. రెండోదానికి ఒత్తిడి ముందు పడుతుంది, నమ్మదగినది, ఏళ్ల తరబడి మొరాయించకుండా పనిచేసింది అని అర్థం. పాత సైకిల్‌ను, పాత కత్తిని అలా అంటారు.